ఎనిమిది వంతుల ఆకాశం

వాతావరణ కేంద్రంలో ముప్ఫై నాలుగేళ్ళు పరిశీలకుడిగా పనిచేశాను. ఆ ఉద్యోగంలో చేరిన మొదటి రోజునే నేర్పే నియమం ఒకటుంది: చూడనిది రాయకూడదు. ఉదయం ఎనిమిదిన్నరకూ, సాయంత్రం ఐదున్నరకూ పరికరం దగ్గరికి స్వయంగా వెళ్ళి, కంటితో చూసి, చూసిన అంకెను అక్కడికక్కడే రిజిస్టరులో వేయాలి. ఏ కారణం చేతనైనా వెళ్ళలేకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయాలి. ఖాళీ గడి లోపమే. కాని ఊహించి నింపిన గడి అబద్ధం. నా కింద పనిచేసే ఒకతను ఒకసారి కుండపోతలో బయటికి వెళ్ళలేక, కిటికీలోంచి చూసి వర్షపాతం అంకె వేశాడు. నేను ఉపేక్షించలేదు, పైకి రాశాను. అతన్ని కొండ మీది కేంద్రానికి బదిలీ చేశారు. ఆ నియమాన్ని నేను ఒక్కసారి కూడా తప్పలేదని పదవీ విరమణ సభలో చెప్పుకున్నాను. అది నిజమే. తప్పింది ఆ తరవాత, మా ఇంట్లో, మా ఆవిడకు గుండెపోటు వచ్చిన వానాకాలంలో.

ఆవిడను ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన రోజునే వానలు మొదలయ్యాయి. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళంలో పూడిక తీసి, చిన్న లోహపు గొట్టం అమర్చారు. డాక్టరు నన్ను తెర ముందు కూర్చోబెట్టి, మూసుకుపోయిన చోటునూ, తెరిచాక రక్తం పారుతున్న తీరునూ చూపించాడు. నాకు చాలా తృప్తి కలిగింది. కారణం దొరికింది, కారణం తొలగింది. ఇక కార్యం దానంతట అదే తొలగాలి. చేయవలసిందల్లా నడక. మొదట రోజుకు రెండుసార్లు పది నిమిషాలు, ఆపైన కొద్దికొద్దిగా పెంచుతూ మూడు నెలలకు అరగంట.

మా ఆవిడకు నడక ఒకరు నేర్పవలసిన పని లేదు. ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు టీచరు. ఆవిడ మెడలో విజిల్ లేని ఫోటో మా ఇంట్లో ఒక్కటే ఉంది, అది పెళ్ళిఫోటో. పిల్లలు చాటుగా విజిలమ్మ అని పిలుచుకునేవారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలియనట్టు ఉండటంలో ఆవిడకు కొంత గర్వం కూడా ఉండేది.

నేను ఒక పొడుగాటి రిజిస్టరు కొని గీతలు గీశాను. తేదీ, వేళ, నాడి, రక్తపోటు, నడిచిన దూరం. టేపు పట్టి వరండా కొలిచాను, సరిగ్గా పదకొండు మీటర్లు. మా ఆవిడ కుర్చీలో కూర్చుని ఇదంతా చూస్తూ, "నా గుండె ఆగితే ఏ గడిలో వేస్తారు?" అని అడిగింది. హాస్యం పోలేదు గనక మనిషి కులాసాగానే ఉందని నిశ్చయించుకున్నాను.

రెండో రోజున మా వదిన చూడటానికి వచ్చింది. గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ మొదలుపెట్టింది.

"ఏం మరిదీ, ఊళ్ళో పిల్లలందర్నీ పరిగెత్తించిన మనిషికే ఇలా అయితే, కూర్చున్న చోటు నుంచి లేవని నాబోటి వాళ్ళ గతేమిటి?"

"నీ గుండెకేమక్కా," అంది మా ఆవిడ. "వాడితేగా అరగడానికి. ఇంకా కొత్తదే."

వదిన కుర్చీ కిర్రుమనేట్టు నవ్వింది. మా ఆవిడా నవ్వింది. నవ్వు ఆగిపోయాక కూడా ఆవిడ పెదవులు కాసేపు అలాగే నిలిచిపోవడం నేను చూశాను. చూశాను గాని రాసుకోలేదు. రిజిస్టరులో దానికి గడి లేదు.

*

రెండో వారంలో ఒక సాయంత్రం వాన తెరిపి ఇచ్చింది. ఆవిడ కాన్వాసు బూట్లు వేసుకుని, నాడాలు రెండేసి ముళ్ళు బిగించింది. మా సందు మూలకు నూట ఇరవై మీటర్లు. పోయి రావడం రెండు వందల నలభై. నేను గడియారం చూసుకుంటూ పక్కన నడిచాను. ఆవిడ ప్రతి అడుగూ వేసే ముందు నేలను పరీక్షిస్తున్నట్టు, బరువు మోపవచ్చా లేదా అని అడుగుతున్నట్టు నడిచింది. మధ్యలో ఒకసారి పక్కింటి గోడ మీద అరచేయి ఆనించి నిలబడింది. నాడి చూశాను, ఎనభై నాలుగు. ఆగవలసిన అవసరమేమీ లేదు.

సందు మూలకు కాస్త ఇవతల కుట్టుమిషన్ పెట్టుకున్న ఒకామె ఉంది. నలభై దాటిన, భారీ మనిషి. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది. మమ్మల్ని చూసి మిషన్ ఆపి, గుమ్మం దాకా వచ్చింది.

"నెమ్మదిగా టీచర్ గారూ, నెమ్మదిగా. తొందరేం లేదు."

మా ఆవిడ అక్కడికక్కడే ఆగిపోయింది. ఆమె వైపు చూసి తల ఊపి, వెనక్కి తిరిగింది.

"మూల ఇంకా పాతిక మీటర్లుంది," అన్నాను.

"మీరు నడిచి రాసుకోండి."

ఇంటికి రాగానే బూట్లు విప్పి, తుడిచి, బీరువా పైన పెట్టింది. స్టూలు వేసుకుంటే తప్ప అందని చోట. మర్నాడు సందులోకి రమ్మంటే వరండాలోనే నడుస్తానంది. వరండాలో మొదట పది చుట్లు, తరవాత ఆరు, తరవాత మూడు. ఆ పైన కిటికీ దగ్గరి కుర్చీ. అక్కడి నుంచి చూస్తే పెరట్లో నేను పెట్టుకున్న వర్షమాపకం కనిపిస్తుంది. దాని మీద పడే చినుకుల్ని గంటలకొద్దీ చూసేది. నా శాస్త్రం మీద ఇన్నాళ్ళకు ఆసక్తి కలిగిందనుకున్నాను.

ఒకరోజు ఉండబట్టలేక ఉపన్యాసం మొదలుపెట్టాను. "గుండె అంటే పంపు. పంపు బాగుపడింది. ఇక కండరమన్నది వాడకపోతే..."

"వాడకపోతే సన్నబడుతుంది. ఆ పాఠం నేను ముప్ఫై ఏళ్ళు చెప్పాను. మీరు కనిపెట్టినట్టు చెప్పకండి."

"మరి తెలిసీ ఎందుకీ మొండితనం?"

ఆవిడ కుర్చీని కిటికీ వైపు ఇంకాస్త తిప్పుకుంది. ఆ మరుసటి వారానికి ఎదురు చెప్పడం కూడా మానేసింది. నలభై ఏళ్ళ కాపురంలో నా వాదానికి ఎదురులేకపోవడం అదే మొదటిసారి. దాన్ని అంగీకారమని అనుకున్నాను.

*

ఆసుపత్రిలో గుండె రోగుల చేత వ్యాయామం చేయించడానికి ఒక పెద్ద గది, ఒక అమ్మాయి ఉన్నారు. మేము వెళ్ళిన మొదటిరోజునే ఆ అమ్మాయి గది బయటి నడవాలో ముప్ఫై మీటర్ల దూరాన రెండు గుర్తులు పెట్టి, వాటి మధ్య మా ఆవిడను ఆరు నిమిషాలు నడిపించింది. రెండు వందల అరవై మీటర్లు వచ్చింది. నెల తరవాత మళ్ళీ రమ్మని, ఒక కాగితం ఇచ్చి పంపింది. అందులో తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, దేనిమీదైనా ఆసక్తి ఉందా, ఇలాంటివి. ప్రతిదానికీ సున్నా నుంచి మూడు దాకా ఒక అంకెకు టిక్కు పెట్టాలి. ఆ ఇబ్బంది లేనేలేదంటే సున్నా, దాదాపు రోజూ ఉందంటే మూడు.

"తీరిగ్గా చదివి, మీరే నింపండి టీచర్ గారూ," అంది ఆ అమ్మాయి.

ఆ కాగితం కిటికీ గూట్లో నెల రోజులూ అలాగే ఉండిపోయింది. వెళ్ళవలసిన ఉదయం గుర్తుచేశాను.

"మీ ఇష్టం," అంది ఆవిడ, చినుకుల మీది నుంచి చూపు తిప్పకుండా.

ఆ రెండు మాటల్ని నేను అనుమతి కింద జమకట్టి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాను. నిద్ర: నేను పదింటికి పడుకునేటప్పుడు కళ్ళు మూసుకుని ఉంటుంది, ఐదింటికి లేచేసరికి అలాగే ఉంటుంది. సున్నా. ఆకలి: కంచం ఖాళీగా వస్తోంది. సున్నా. ఏకాగ్రత: పేపరు గంటసేపు చేతిలో ఉంటోంది. సున్నా. నీరసం: గుండెపోటు వచ్చిన మనిషికి కాస్త ఉండటం సహజం. ఒకటి. తొమ్మిదో ప్రశ్న, బతికి ఉండటం కన్నా పోవడమే మేలనిపిస్తోందా అన్నది. బడి మైదానాన్ని గడగడలాడించిన మనిషిని ఇలాంటివి అడగడమేమిటని నవ్వుకుని, సున్నాకు టిక్కు పెట్టాను. మొత్తం ఒకటి.

నేను మోసం చేస్తున్నానని ఆ క్షణాన నాకు తోచలేదు. పైగా నా దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. ఇంత ఎండ ఎన్నడూ లేదని ప్రతి ఏడూ ప్రతి మనిషీ అంటాడు. రిజిస్టరు తెరిచి చూస్తే ఆ మాట తప్పని తేలుతుంది. మనుషులు తమ గురించి తాము చెప్పుకునేదాని కన్నా బయటి నుంచి చేసిన పరిశీలన నమ్మదగినదని నా ఉద్యోగమంతా నాకు నేర్పింది. నేర్పింది సరైనదే. నేను దాన్ని ఉపయోగించిన చోటే సరైనది కాదు.

ఆ రోజు ఆరు నిమిషాల నడకలో రెండు వందల ఐదు మీటర్లే వచ్చింది. ఆ అమ్మాయి గుండె పరీక్షల కాగితాలు తిరగేసింది. అన్నీ బాగానే ఉన్నాయి. నాడి కూడా పెద్దగా పెరగలేదు.

"ఆయాసం వచ్చి ఆగారా టీచర్ గారూ?"

"లేదమ్మా."

"నొప్పి గానీ?"

"లేదు."

"మరి?"

"ఇక చాలనిపించింది."

ఆ అమ్మాయి మేము తెచ్చిన కాగితం అందుకుంది. "ఇందులో మొత్తం ఒకటే వచ్చింది. నిద్ర బాగా పడుతోందన్నారు, ఆకలి బాగుందన్నారు..."

"ఎవరికి?" అంది మా ఆవిడ.

గదిలో ఒక మూలన ఎవరో సైకిలు తొక్కుతున్నారు. ఆ అమ్మాయి కాగితంలోంచి తలెత్తి నా వైపు చూసింది.

"ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వు." మా ఆవిడ సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు చూసినట్టు పైనుంచి కిందికి చూసింది. "ఇది మావారి చేతమ్మా. నిద్ర కూడా మావారిదే." కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టింది. "కొత్తదొకటి ఉంటే ఇవ్వు."

కొత్త కాగితం నింపడానికి చాలాసేపు పట్టింది. ఒక్కో టిక్కు పెట్టి, ఆగి, తరవాతి ప్రశ్న చదివింది. నాకు కనబడకుండా తిప్పి ఆ అమ్మాయికి అందించింది. ఆ అమ్మాయి వేలు పెట్టి ఒక్కో వరసా దిగుతూ వచ్చి, చివరి వరస దగ్గర వేలిని తీయలేదు. తరవాత లేచి, సైకిలు తొక్కుతున్న మనిషితో ఏదో చెప్పి పంపించింది. నా దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో అంది.

"సార్, మీరు కాసేపు బయట కూర్చుంటారా?"

నడవాలో రెండు గుర్తులూ ఇంకా అలాగే ఉన్నాయి. వాటి మధ్య బెంచీ మీద నలభై నిమిషాలు కూర్చున్నాను. మధ్యలో ఒక డాక్టరమ్మ ఆ గదిలోకి వెళ్ళింది. మనసుకు వైద్యం చేసే ఆవిడ అని బిళ్ళ చూసి తెలుసుకున్నాను. ఆ నలభై నిమిషాల్లో లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. కాబట్టి రాయడం లేదు.

తరవాత వ్యాయామం అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుంది.

"గుండెజబ్బు వచ్చినవాళ్ళలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఇలా అవుతుంది సార్. కుంగిపోయిన మనిషి నడవలేరు. నడవకపోతే ఒంట్లో సత్తువ తగ్గుతుంది. సత్తువ తగ్గేకొద్దీ ఇంకా కుంగిపోతారు. అది మొండితనం కాదు."

"కారణం తొలగిపోయింది కదమ్మా," అన్నాను.

"నాళంలో అడ్డు తొలగింది సార్. ఆవిడకు ఒంటి మీద ఉన్న నమ్మకం పోయింది. ముప్ఫై ఏళ్ళు చెప్పినట్టు విన్న ఒళ్ళు ఒక పూటలో ఎదురు తిరిగింది. అది ఏ తెర మీదా కనబడదు." మందుల చీటీ నా చేతికిచ్చి, "మాత్రలు ఇస్తున్నారు. వారానికోసారి మాట్లాడటానికి రావాలి. కొన్నాళ్ళు ఇంట్లో ఒంటరిగా వదలకండి," అంది.

*

బస్సులో కిటికీ పక్కన ఆవిడ, ఇవతల నేను. అద్దం మీద నీళ్ళు జారుతున్నాయి. నాలుగు స్టాపులు దాటాక ఆవిడే మాట్లాడింది.

"ఆ కొండ మీదికి పంపించారే, ఆయన ఏమయ్యాడు?"

ఎవరి గురించో నాకు వెంటనే అర్థమైంది. "పెద్ద ఆఫీసరయ్యాడు."

"మిమ్మల్నెక్కడికి పంపను?"

"నువ్వెక్కడికంటే అక్కడికి."

"వంటింట్లోకి. అక్కడైతే ఉప్పు చూడకుండా వడ్డించలేరు."

మరో స్టాపు దాటింది. "నిద్ర పట్టదు," అంది. "నేను కదిలితే మీరు లేస్తారని కళ్ళు మూసుకుని పడుకుంటాను. మీ గురక లెక్కపెడుతుంటాను."

"ఎంత ఉంటుంది?" అని అడిగేశాను. అలవాటు.

"నిమిషానికి పద్నాలుగు. కంచం ఖాళీ చేసేది నేను కాదు, పక్కింటి కుక్క. పేపరు చేతిలో ఉంటుంది, అంతే."

"ఆ చివరి ప్రశ్న..."

"అది ఆ అమ్మాయికి చెప్పాను. మీకు ఇవాళ కాదు."

నేను తల ఊపాను. మా స్టాపు వచ్చేదాకా నా జేబులో మడిచి ఉన్న ఆ పాత కాగితం మీదే నా చేయి ఉంది.

*

మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు రిజిస్టరు తెరిచాను గాని, ఏం అడగాలో, ఎలా అడగాలో తెలియలేదు. అప్పుడు గుర్తుకొచ్చింది ఒక సంగతి. మా కేంద్రంలో వేడికీ, తేమకూ, గాలికీ, వానకూ, అన్నిటికీ పరికరాలున్నాయి. మబ్బుకు మాత్రం మేము ఏ పరికరమూ వాడేవాళ్ళం కాదు. ఆకాశాన్ని ఎనిమిది వంతులుగా అనుకుని, ఎన్ని వంతులు మబ్బు పట్టిందో మనిషే తలెత్తి చూసి చెప్పాలి. అసలు మబ్బు లేకపోతే సున్నా, పూర్తిగా కమ్మితే ఎనిమిది. పొగమంచులో ఆకాశమే కనబడకపోతే తొమ్మిది. ముప్ఫై నాలుగేళ్ళు ఆ అంకెను కళ్ళతోనే చూసి వేశాను. అది అశాస్త్రీయమని ఒక్కనాడూ అనుకోలేదు. నియమం ఒక్కటే: ఏ ఊరి ఆకాశం సంగతి ఆ ఊళ్ళో నిలబడినవాడే చెప్పాలి.

ఇదంతా ఆవిడకు వివరించాను. ఎప్పటిలాగే అవసరానికి మించి వివరించాను.

"ఎన్ని వంతులు?" అన్నాను చివరికి.

ఆవిడ చాలాసేపు కిటికీలోంచి చూసింది. "ఎనిమిది."

కొత్త గడి గీసి ఎనిమిది వేశాను.

అలా ప్రతి ఉదయం అడిగేవాణ్ణి. ఎనిమిది. ఎనిమిది. ఏడు. ఎనిమిది. ఒకరోజు నోరు జారాను. "నిన్న వదినతో ఫోనులో నవ్వావుగా, ఎనిమిదేమిటి?"

"ఆకాశం మీదా, నాదా?"

ఎనిమిదే వేశాను. ఒక ఉదయం తొమ్మిది అంది. ఆ రోజు వంట మానేసి, ఆ అమ్మాయికి ఫోను చేసి, ఇద్దరం ఆసుపత్రికి వెళ్ళాం. దాక్కోకుండా తొమ్మిది అని చెప్పగలగడం మంచి సంగతి అని డాక్టరమ్మ అంది. నాకు అది అర్థం కావడానికి తిరిగొచ్చే దారి అంతా పట్టింది.

మూడో వారం చివర మొదటిసారి ఆరు వచ్చింది. మాత్రల వల్లనో, వారం వారం మాటల వల్లనో, ఊరికే రోజులు గడవడం వల్లనో నేను చెప్పలేను. ఒక్క మనిషిని చూసి సిద్ధాంతం కట్టకూడదు. ఆరు వచ్చింది, అంతవరకే నాకు తెలుసు.

ఆ రోజునే, నేను కూర మాడ్చి గిన్నె తోముతుంటే, వంటింటి గడప మీద కూర్చుని ఆవిడ చెప్పింది.

"మా బడిలో ఒక పిల్ల ఉండేది. బొద్దుగా, ఎప్పుడూ ఆఖరు. అందరూ వచ్చేసి నీళ్ళు తాగుతుంటే అది ఇంకా సగం మైదానంలో ఉండేది. నేను విజిల్ ఊది, ఆఖరున వచ్చినందుకు ఇంకో చుట్టు అనేదాన్ని. రోజూ."

"ఊఁ."

"ఇప్పుడు సందు మూలన మిషన్ కుడుతుందే, అదే. ఆవేళ నెమ్మదిగా టీచర్ అంది, వినలేదూ? ఎత్తిపొడిచింది."

"ఎత్తిపొడిచిందా, ఎత్తిపొడిచిందని నువ్వు అనుకున్నావా?"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "మీరా ఆ మాట అడిగేది?"

నేను గిన్నె వైపు తిరిగాను. కాని వెనక నుంచి చిన్న నవ్వు వినబడింది. దానికీ రిజిస్టరులో గడి లేదు.

*

ఆ రెండు నెలల్లో ఆవిడ బాగా చిక్కిపోయింది. జాకెట్లు భుజాల మీద నిలవడం లేదు. రెండు తీసుకుని, లోపలికి పట్టించుకు వద్దామని సందు మూలకు వెళ్ళాను.

"ఎంత పట్టమంటారు?" అంది కుట్టుపనామె.

"ఒక అంగుళం ఉంటుందేమో."

"ఏమో అంటే కుదరదు సార్. మనిషిని చూడకుండా కొలత రాయను. సాయంత్రం నేనే వస్తాను."

నా ముఖం ఎలా మారిందో గాని, "ఏమైంది సార్?" అని అడిగింది. ఏమీ లేదన్నాను.

చెప్పినట్టే సాయంత్రం వచ్చింది. మా ఆవిడ కుర్చీలోంచి లేచి, చేతులు చాపి నిలబడింది. కుట్టుపనామె టేపుతో భుజం కొలిచింది, నడుము కొలిచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండటానికి టేపు అనువుగా ఉంది.

"గుర్తుందా నీకు?" అంది మా ఆవిడ, గోడ వైపు చూస్తూ. "ఇంకో చుట్టు."

"ఎందుకు గుర్తులేదు టీచర్ గారూ. ఆ వేసవిలో నా చెప్పు తెగితే కూడా వదల్లేదు మీరు."

"కోపం లేదా?"

"ఉండేది. పదేళ్ళు గట్టిగా ఉండేది. తరవాత పిల్లలు, మిషను, మోకాళ్ళు... దాన్ని చూసుకునే తీరిక ఏదీ?" చీటీ మీద అంకె వేసుకుంది. "నన్నూ నడవమన్నాడు డాక్టరు. షుగరొచ్చింది. ఒక్కదాన్నే పోవాలంటే సిగ్గు. ఎవరితో బయల్దేరినా ముందుకెళ్ళిపోతారు."

ఆమె టేపును మా ఆవిడ చేతి మీదికి మార్చింది.

"ఆవేళ మిమ్మల్ని చూసి సంతోషమేసింది, నిజం చెప్తున్నా," అంది ఆమె. "మీకు బాగాలేదని కాదు. నా వేగంతో నడిచే మనిషి ఒకరు దొరికారని. నెమ్మదిగా నడవడం నాకు బాగా వచ్చు టీచర్ గారూ. మీ మైదానంలోనే నేర్చుకున్నాను. కావాలంటే నేర్పుతాను."

టేపు చుట్టుకుంటూ ఆమె నిలబడింది. మా ఆవిడ చాచిన చేతులు ఇంకా దించలేదు. తరవాత దించి, ఆమె కాళ్ళ వైపు చూసింది.

"బూట్లున్నాయా?"

"చెప్పులే టీచర్ గారూ."

"చెప్పులతో నా క్లాసుకు రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆ గొంతు విని రెండు నెలలైంది. నేను చప్పుడు చేయకుండా స్టూలు తెచ్చి, బీరువా పైనుంచి కాన్వాసు బూట్లు దించి, దుమ్ము దులిపాను.

మర్నాటి ఉదయం అంకె ఐదు. సాయంత్రం ఐదున్నరకు కుట్టుపనామె కూతురి బూట్లు తొడుక్కుని గేటు దగ్గరికి వచ్చింది. నేను గొడుగూ గడియారమూ తీసుకుని తయారయ్యాను.

"మీరొద్దు," అంది మా ఆవిడ.

"ఎంత దూరం నడిచిందీ..."

"మీరొద్దన్నానా."

గేటు పట్టుకుని నిలబడ్డాను. ఇద్దరూ గోడవారగా, ఒకరి కోసం ఒకరు ఆగుతూ వెళ్ళారు. పక్కింటి గోడ దగ్గర మా ఆవిడ ఆగింది. ఆమె కూడా ఆగి, నాడా ఊడకపోయినా వంగి కట్టుకుంది. మిషన్ గుమ్మం దాటారు. సందు మూల దాకా వెళ్ళారు. అక్కడ వీధి కుడివైపు తిరుగుతుంది. తిరిగారు. ఆ తరవాత నాకు కనబడలేదు.

చినుకులు మొదలై, వెలిశాయి. నేను రెండుసార్లు చెప్పుల్లో కాళ్ళు పెట్టి రెండుసార్లు తీశాను. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఇద్దరి బట్టలూ మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

"ఆఖరు నేనే సార్," అంది కుట్టుపనామె, గేటు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ.

"అబద్ధం," అంది మా ఆవిడ. "గేటు దగ్గర చూడలేదూ? ఆఖరు నేను."

"ఎంత దూరం వెళ్ళారు?" అన్నాను.

"ఏమో. మాటల్లో పడ్డాం." బూట్లు విప్పి గుమ్మం పక్కనే పెట్టింది, నేల మీద.

వానాకాలం చివర ఆసుపత్రిలో ఆరు నిమిషాల నడక మళ్ళీ పెట్టారు. మూడు వందల పది మీటర్లు. అది ఆసుపత్రి కాగితాల్లో ఉంది. ఆ తరవాత ఎనిమిదులు కూడా మళ్ళీ వచ్చాయి, ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాయి; వచ్చినప్పుడు వేస్తాను. అయితే ఆ రిజిస్టరులో నేను తరచూ తెరిచి చూసే పేజీ ఆ రోజుది. తేదీ ఉంది, నాడి ఉంది, రక్తపోటు ఉంది, ఆవిడ చెప్పిన ఐదు ఉంది. దూరం గడి దగ్గర కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నట్టు గుర్తు. సందు మూల నూట ఇరవై అని నాకు తెలుసు. పోయి రావడానికి పట్టిన వేళ తెలుసు. లెక్క వేయడం పెద్ద పని కాదు.

నేను చూడలేదు. ఆ గడి ఖాళీగానే ఉంది.